నరమామిడి కింద తడి

అప్పలాచార్యులుగారిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా "నడువు" అనడం ఆయనకు అలవాటు. అడిగినవాళ్ళు ఆయన వెంట నడవాలి. దారిలో ఎక్కడో ఒకచోట జవాబు దానంతట అదే కనబడుతుందని ఆయన నమ్మకం. ఈ పద్ధతివల్ల మా ఊళ్ళో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళెవరూ ఆయన్ని ప్రశ్నలు అడగరు. వాళ్ళకు సందేహాలు లేవని కాదు.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక ఆయన ప్రతి వేసవిలోనూ ఆదివారం ఉదయాన్నే జమీందారుగారి తోటలో సీతాకోకచిలుకల నడక నడిపించేవారు. పేరుకే జమీందారుగారి తోట. ఆయన పోయి చాలాకాలమైంది, తోట ఊరందరిదీ అయింది, ఆ సంగతి ఊరందరి మేకలకూ తెలుసు. నడకకు ఒకటే నియమం. ముందు నడిచేవారి చేతిలో నల్లగొడుగు ఉంటుంది. గొడుగు మూసి ఉన్నంతసేపూ వెనకవాళ్ళు నడవాలి. తెరిచారంటే ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోవాలి, మళ్ళీ మూసేదాకా నోరు మెదపకూడదు. నిలబడడం మా వాళ్ళకు బాగానే వస్తుంది. నోటి సంగతే కాస్త కష్టం.

గుంపులో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. పట్నాయక్‌గారి కెమెరా గొట్టం పొడుగు చూసి కొత్తవాళ్ళు జంకుతారు. సీతాకోకచిలుకలు జంకవు, ఆయన గురి కుదిరేలోపు తాము వెళ్ళిపోవచ్చని వాటికి తెలుసు. సీతాకోకచిలుక అప్పుడే లేచిపోయిన ఆకుల ఫోటోలు ఆయన దగ్గర ఉన్నన్ని జిల్లాలో ఎవరి దగ్గరా ఉండవు. ఇక మంగతాయారుగారు. బాలికల హైస్కూల్లో హిందీ పండితురాలు, ఆచార్యులుగారికి మొదటి శిష్యురాలు. ఎగిరేదాని పేరు, అది గుడ్డుపెట్టే మొక్క, ఆ గుడ్డు రంగు, అన్నీ ఆవిడకు నోటికి వచ్చు. ఎవరైనా పేరు తప్పు చెబితే ఆవిడ సరిదిద్దేది. సరిగ్గా చెబితే ఉచ్చారణ సరిదిద్దేది.

తోట చివర ఒక పాత నరమామిడి చెట్టుంది. మా నడకకు పేరొచ్చిందంటే ఆ చెట్టు కిందినుంచే. ఎండలు ముదిరి తోటంతా ఎండు బెరడులా అయిపోయినప్పుడు కూడా, ఆ చెట్టు మొదట్లో నేలమీద అద్దాలచిలుకలు గుంపుగా వాలి ఉంటాయి. నల్లటి రెక్కలమీద లేత ఆకుపచ్చ అద్దాలు తాపినట్టుంటాయి కనక మా వాళ్ళు పెట్టుకున్న పేరది. అవి కుదురుగా ఉండే జాతి కాదు. నేలమీద వాలినప్పుడు కూడా రెక్కలు వణుకుతూనే ఉంటాయి, కొత్తకోడలి చేతిలో కాఫీగ్లాసులాగా. ఆ చెట్టు పక్కనే మంగతాయారుగారు స్వయంగా నాటి పెంచిన నూరువరహాల పొదలున్నాయి. ఎర్రగా విరగబూస్తాయి. అద్దాలచిలుకలు తన పువ్వుల కోసమే వస్తాయని ఆవిడ ప్రతి ఆదివారం చెప్పేది. పువ్వుల కోసం వచ్చినవి పువ్వుల మీద వాలకుండా నేలమీద ఎందుకు వాలుతున్నాయని ఎవరూ అడగలేదు. అడగడానికి ఆవిడ వ్యవధి ఇస్తే కదా.

ఈ గుంపులో సీతాకోకచిలుకలతో ఏ సంబంధమూ లేని మనిషి ఒక్కడే. సన్యాసినాయుడుగారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే నడవమని డాక్టరు చెబితే, ఒంటరిగా వదిలితే ఎక్కడో కూర్చుండిపోతాడని భార్య ఆయన్ని ఈ గుంపుకు అప్పగించింది. మిగతా రోజుల్లో అలవాటుకొద్దీ ఒక్కడే వచ్చేవాడు, ఆదివారాలు గుంపు వెనక వచ్చేవాడు. ఎలా వచ్చినా చేరేది నరమామిడి కిందికే. చంకలో స్టీలు మరచెంబు, దాన్నిండా తరవాణి, చేతిలో నీళ్ళసీసా. అన్నం గంజినీళ్ళలో పులిసిన తరవాణిలో ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ దండిగా వేసి ఇచ్చేది ఇల్లాలు. చెట్టు వేళ్ళ మధ్య చతికిలబడి గటగటా తాగి, చెంబులో నీళ్ళు పోసి కడిగి, ఆ కడుగు అక్కడే పారబోసి, చెట్టుకు జారబడి కన్ను మూసేవాడు. అద్దాలచిలుకలు వచ్చేది ఆ తరవాత. కాబట్టి ఊరూరా చెప్పుకునే ఆ దృశ్యాన్ని గుంపులో ఒక్కసారైనా చూడనివాడు ఆయనొక్కడే. పైగా ఎగిరేవాటన్నిటినీ పురుగులనేవాడు. "ఏటమ్మా, ఇవాళ పురుగులు బాగా పడ్డాయా?" అని ఆయన నిద్రలేచి పలకరించినప్పుడల్లా మంగతాయారుగారి ముఖం చూడవలసిందే.

ఒక వేసవి మధ్యలో ఆచార్యులుగారు, తనకు చూపు మందగిస్తోందని, గొడుగు ఇంకొకరి చేతికి ఇవ్వాలని ఉందని అన్నారు. ఇంకొకరంటే ఎవరో గుంపుకు తెలుసు. మంగతాయారుగారికి అందరికంటే ముందే తెలుసు. అదే సమయానికి, విశాఖపట్నం నుంచి ప్రకృతి బృందం ఒకటి వచ్చే ఆదివారం మన నడక చూడడానికి వస్తోందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే ఆవిడ ఆచార్యులుగారి అరుగు మీదికి వెళ్ళింది.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, నడవమనకండి."

"అడుగమ్మా."

"గుంపు బాగుండాలంటే అందులో పనికిరానివాళ్ళను తీసేయడం తప్పా?"

"ఎవరిని?"

"సన్యాసినాయుడుగారిని. ఆయనకు సీతాకోకచిలుకంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ చెట్టుకింద పులుపు కంపు భరించలేకపోతున్నాం. పైనుంచి గురక. పట్నంవాళ్ళు వచ్చి మన నడకంటే ఇదనుకుంటే నాకు తలవంపులు కాదా?"

ఆచార్యులుగారు గోడకు తగిలించిన గొడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఆదివారం నువ్వే ముందు నడువు. ఎవరు రావాలో, ఎవరు రాకూడదో నీ ఇష్టం. నేను వెనక ఉంటాను."

"నడక బాగా జరిగితే?"

"గొడుగు నీ దగ్గరే ఉండిపోతుంది."

బాగా జరగకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. పిల్లలకు పరీక్షలు పెట్టే మనిషి కదా, ఇది పరీక్షని పోల్చుకుంది. అదే సంతోషంతో తిన్నగా సన్యాసినాయుడుగారి ఇంటికి వెళ్ళింది. ఆయన వీధిలో మంచమేసుకుని పనసతొనలు తింటున్నాడు.

"నాయుడుగారూ, ఏమీ అనుకోకండి. ఈ వారం తోటలోకి రాకండి."

"ఏటి తల్లీ, తోట ఊరందరిదీ కాదేటి?"

"అందరిదీనండి. ఆదివారం పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆ చెట్టుకింద శుభ్రం చేయించాలి."

"నానున్నానని శుభ్రం సెయ్యలేకపోతన్నారా?" అని నవ్వి, అది నవ్వులాట కాదని ఆవిడ ముఖంలో కనబడేసరికి పనసతొన పళ్ళెంలో పెట్టేశాడు. "సరేనమ్మా. రాను. మా ఇంటిదానికి మాత్రం ఈ మాట నువ్వే సెప్పు. నాను సెపితే బద్దకానికి వంక పెట్టీసినానంటది."

ఆవిడే చెప్పింది. మొగుణ్ణి గురించి ఎవరేం చెప్పినా నమ్మే ఇల్లాలు అది కూడా నమ్మింది. కాకపోతే నడక మానితే ఒప్పుకునేది లేదంది. కనక సన్యాసినాయుడుగారు మర్నాటినుంచి మరచెంబు చంకన పెట్టుకుని తోట గేటుదాకా నడిచి, బయట కల్వర్టు గోడమీద కూర్చుని తరవాణి తాగి, అక్కడే కునికి, ఇంటికి పోయేవాడు. నియమమంటే నియమమే ఆయనకు. బస్సు నడిపినంతకాలం ఆగవద్దన్నచోట ఆగని మనిషి.

చెట్టుకింద మంగతాయారుగారు తలచుకున్నదంతా జరిగింది. ఆకులు, ఎండుపుల్లలు ఊడ్పించింది. పులుపు కంపున్న పైమట్టి గీకించి పారబోయించింది. శనివారం సాయంత్రం తన చేత్తో బియ్యప్పిండితో పెద్ద ముగ్గు పెట్టింది, మధ్యలో సీతాకోకచిలుక ఆకారం వచ్చేటట్టు. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. పట్నాయక్‌గారు ఫోటో కూడా తీశారు. ఆ సీతాకోకచిలుక ఎగిరేది కాదు కనక ఫోటో బాగా వచ్చింది.

ఆదివారం పట్నంవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద సుభద్రగారని, తెల్లజుట్టు, కాన్వాసుబూట్లు, తక్కువగా మాట్లాడే మనిషి. మంగతాయారుగారు గొడుగు పట్టుకుని ముందు నడిచింది. నిజం చెప్పుకోవాలి, బాగా నడిపించింది. జిల్లేడు మీద నారింజరంగు రెక్కలవాటిని చూపించింది. కరివేపాకు రెమ్మ తిప్పి, పిట్టరెట్టలాగా నటిస్తున్న గొంగళిపురుగును చూపించింది. పట్నంవాళ్ళు ముచ్చటపడ్డారు. ఆవిడ కాళ్ళు నేలమీద ఉన్నాయి కానీ నడుస్తున్నట్టు లేదు. ఇంక మిగిలింది నరమామిడి. ఆ నడకలో అసలైన చోటు అదేనని, జిల్లాలో ఇంకెక్కడా ఇలా గుంపుగా వాలవని, వాటి కోసమే తను పొదలు పెంచానని చెబుతూ తీసుకువెళ్ళి, చెట్టు ముందు ఆగి గొడుగు తెరిచింది. అందరూ నిలబడిపోయారు.

చెట్టుకింద ముగ్గు ఉంది. ముగ్గు మీద చీమలున్నాయి. బియ్యప్పిండి సంగతి చీమల్లో బాగా పాకినట్టుంది, బారులు తీరి వచ్చాయి. అంతకు మించి అక్కడ ఏమీ లేదు.

ఎంతసేపో నిలబడ్డారు. గొడుగు తెరిచి ఉంది కనక ఎవరూ మాట్లాడలేదు. పట్నాయక్‌గారు కూడా మాట్లాడలేదు, ఆయన చీమల మీద గురి పెట్టుకున్నారు. ఎండ ఎక్కుతోంది. నూరువరహాలు ఎర్రగా పూసి ఉన్నాయి, వాటిమీద ఈగైనా వాలలేదు. సుభద్రగారు నియమం మరిచిపోయి, మర్యాద కోసమే, "పోనీలెండి, చెట్టు చాలా బాగుంది" అన్నారు. ఆ మాట మంగతాయారుగారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెనక్కి తిరిగి ఆచార్యులుగారి వైపు చూసింది. ఆయన గుంపు చివర చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశం వైపు చూస్తున్నారు.

ఆవిడా అటు చూసింది. కొమ్మల్లోంచి అద్దాలచిలుక ఒకటి దిగివచ్చింది. పొదల వైపు పోలేదు. ముగ్గును ఖాతరు చేయలేదు. చెట్టు వేళ్ళ మధ్య ఒకచోట, నేలకు బెత్తెడెత్తున, గిరగిరా తిరిగి, వాలబోయి వాలకుండా లేచిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే తిరిగింది. ఇంటికి తాళం వేసి ఉంటే చుట్టం గుమ్మం ముందు తచ్చాడినట్టు తచ్చాడి, వెళ్ళిపోయింది.

మంగతాయారుగారు వంగి ఆ చోటు చూసింది. పైమట్టి గీకేసినా వేళ్ళ సందుల్లో తెల్లటి పెచ్చు మిగిలింది. వేలితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది. పులుపు. కొంచెం ఉప్పు. ఎండాకాలంలో సీతాకోకచిలుకలు ఉప్పుతడి కోసం నేలమీద వాలతాయని ఆవిడ చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఉంది. పిల్లలకు చెప్పింది కూడా. ఏటి ఒడ్డున వాలతాయని రాసి ఉంది కనక ఏటి ఒడ్డునే వెతికింది. సన్యాసినాయుడుగారి చెంబు గురించి ఏ పుస్తకంలోనూ రాయలేదు.

చెట్టు బాగుందన్నారు; నడక అక్కడితో ముగించవచ్చు. ఎండ ఎక్కువగా ఉంది, అందుకే రాలేదని చెబితే పట్నంవాళ్ళు నమ్ముతారు. గొడుగు మూసి, అందరినీ వాళ్ళకోసం చేయించిన ఉప్మా దగ్గరికి తీసుకుపోతే గొడుగు తన ఇంటికే వస్తుంది. కల్వర్టు గోడమీద కూర్చున్న మనిషి దగ్గరికి ఇంతమంది ఎదట వెళితే, గొడుగు మాట ఎలా ఉన్నా, ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన నూరువరహాల కథ మాత్రం మిగలదు.

లేచి, తెరిచిన గొడుగును తెరిచినట్టే నేలమీద పెట్టి, గేటు వైపు నడిచింది. గొడుగు తెరిచి ఉంది కనక గుంపు కదలడానికి లేదు. మా ఊరివాళ్ళు ఊరిగౌరవం కోసం, పట్నంవాళ్ళు అర్థంకాక, అందరూ ఎండలో అలాగే నిలబడ్డారు.

సన్యాసినాయుడుగారు ఆవిడ రావడం చూసి గోడమీంచి దిగబోయాడు. "ఏటి తల్లీ, బయట కూకున్నా అడ్డేనా? ఇంకాస్త అవతలికి పోమంటావా?"

"నాయుడుగారూ, తరవాణి ఉందా?"

ఆయన ఆవిడ ముఖం, తన చెంబు మార్చి మార్చి చూశాడు. "దాహవేసిందా అమ్మా? తాగీసినాను కదా. అడుగున కాస్త మడ్డి ఉండిపోయింది. కడిగెయ్యడవే."

"అదే కావాలండి. వచ్చి మీ చోట కూర్చుని కడగండి."

"రావద్దన్నావు."

"అన్నాను. తప్పు మాట అన్నాను. నాతో రండి."

బస్సు మళ్ళించమంటే మళ్ళించడమే ఆయన ఉద్యోగం. చెంబు చంకన పెట్టుకుని వచ్చి, గుంపులో అందరికీ నమస్కారం చేసి, ముగ్గును తొక్కకుండా జాగ్రత్తగా చుట్టూ తిరిగి వెళ్ళి వేళ్ళ మధ్య చతికిలబడ్డాడు. చెంబులో సీసా నీళ్ళు పోసి గిలకరించి, ఎప్పటిలాగే ఆ కడుగు ఆ సందులో పారబోశాడు. ఇంతమంది చూస్తుండగా చెంబు కడగడం అదే మొదటిసారేమో, కొంచెం ఎక్కువ శ్రద్ధగానే కడిగాడు. పులుపు కంపు మెల్లిగా లేచింది. పట్నంవాళ్ళలో ఒకరు జేబురుమాలు తీశారు.

మొదట ఆ తచ్చాడి వెళ్ళినదే వచ్చింది. ఈసారి వాలింది. తొండం చాపి తడిమట్టిలో పెట్టి, రెక్కలు వణికిస్తూ తాగడం మొదలుపెట్టింది. దాని పక్కన ఇంకొకటి. తరవాత ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియకుండా కొమ్మల్లోంచి, పొదల మీదుగా, జనం తలల మధ్యనుంచి వచ్చి వాలాయి. పచ్చటద్దాల మీద ఎండ పడి నేల మిలమిల్లాడింది. ఒకటి సన్యాసినాయుడుగారి చెమటపట్టిన మణికట్టు మీద వాలి అక్కడే కుదురుకుంది. మొట్టమొదటిసారి మెలకువగా ఉన్న సన్యాసినాయుడుగారు చెయ్యి కదపకుండా, గొంతు తగ్గించి, "ఓలమ్మా! ఇవెక్కడివి తల్లీ? ఎప్పుడూ రాలేదే!" అన్నాడు.

గుంపులో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మంగతాయారుగారు నవ్వలేదు. నేలమీది గొడుగు తీసి, మూసి, సుభద్రగారి వైపు తిరిగి, తరగతిలో పాఠం చెప్పే గొంతుతో, తడబడకుండా చెప్పింది.

"ఇవి నా పువ్వుల కోసం రావండి. ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను. ఈయన పారబోసే తరవాణి కడుగు కోసం వస్తాయి. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది నాకు. ఈయనకు ఇంకా తెలియదు."

సుభద్రగారు కాన్వాసుబూట్లతోనే నేలమీద చతికిలబడ్డారు. పక్కనున్నాయన జేబురుమాలు ఎప్పుడు జేబులోకి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. పట్నాయక్‌గారికి ఆ రోజు అద్దాలచిలుక రెక్కలు విప్పి కూర్చున్న ఫోటో ఒకటి నిజంగానే వచ్చింది. అందులో సన్యాసినాయుడుగారి కాలి బొటనవేలు కూడా అంతే స్పష్టంగా ఉంది. ఇప్పటికీ అది పట్నాయక్‌గారి ముందుగదిలో అద్దం కట్టి ఉంటుంది. వేలు ఎవరిదని అడగనివాళ్ళకు ఆయన రెండోసారి కాఫీ ఇస్తారు.

ఉప్మాలు అయి, పట్నంవాళ్ళు వెళ్ళాక, మంగతాయారుగారు ఆచార్యులుగారి వెనక ఆయన ఇంటిదాకా నడిచింది. ఎవరూ నడవమనకుండా నడవడం అదే మొదలు. అరుగు దగ్గర గొడుగు రెండు చేతులతో చాపింది. ఆయన తీసుకోలేదు.

"మీకు ముందే తెలుసు కదా మాస్టారూ."

ఆయన చెప్పులు విడిచి, కాళ్ళమీద నీళ్ళు పోసుకుని, అరుగెక్కి కూర్చున్నారు.

"సరే, అడగను," అంది ఆవిడ. "కానీ వచ్చే వారం నుంచి నాయుడుగారు వెనకెక్కడో వద్దండి. నా పక్కన, ముందు నడిపిస్తాను."

"ఎందుకమ్మా, ఆయన్ని ఎప్పటిలాగే వెనక రానీ," అన్నారు ఆచార్యులుగారు. "తెలిసింది ఆయనొక్కడి సంగతే. మిగతావాళ్ళు ఎక్కడెక్కడ ఏమేం పారబోస్తున్నారో మనమింకా చూడలేదు."